రోడ్డుకు కర్త ఎవరు?

ఈ వ్యాసంలో విమర్శకు తీసుకుంటున్న రచన నాదే. 2022 దసరా సెలవుల్లో మా బామ్మర్ది మోటారు సైకిలు వెనక కూర్చుని మనాలి నుంచి లేహ్ దాకా వెళ్ళి వచ్చాను. మరుసటి ఏడు ఒక మాసపత్రికలో దాని గురించి పది పేజీల యాత్రావ్యాసం రాశాను. మిత్రులు మెచ్చుకున్నారు. 'వచనంలా లేదు, కవిత్వంలా ఉంది' అని ఒకరు ఉత్తరం కూడా రాశారు. అప్పుడు పొంగిపోయాను. ఇవాళ ఆ మాటే నా రచన మీద మొదటి అభియోగంగా కనిపిస్తోంది.

సొంత రచనను తానే విమర్శించుకోవడంలో కొంత నటనకు అవకాశం ఉంది. చెంపలు వేసుకున్నట్టు కనిపించి చప్పట్లు కొట్టించుకోవచ్చు. అది తెలిసే ఈ పనికి పూనుకున్నాను. ఎందుకంటే ఆ లోపం నా ఒక్కడిది కాదు. హిమాలయాల మీదికి మోటారు సైకిలు ఎక్కి వెళ్ళి వచ్చినవాళ్ళు తెలుగులో రాస్తున్న రచనల్లో నేను చదివినవి చాలావరకు ఇదే మూసలో ఉన్నాయి. మరొకరి పుస్తకాన్ని బోనెక్కించడం కన్నా నాదాన్ని ఎక్కించడం మర్యాద. పైగా ఏ వాక్యాన్ని ఎందుకు అలా రాశానో నాకు తెలుసు.

నేను పనిచేసే బడి పాత పాలమూరు జిల్లా పడమటి అంచున ఉంది. వలస ప్రాంతం. దసరా, సంక్రాంతి పండగలకు తల్లిదండ్రులు బొంబాయి, పూనాల నుంచి దిగుతారు. పండగ వెళ్ళగానే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీర్చడానికి మళ్ళీ బస్సెక్కుతారు. పిల్లలు అవ్వల దగ్గర పెరుగుతారు. పోయిన ఏడాది తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు బడి గ్రంథాలయంలో ఆ మాసపత్రిక పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సార్, గా రోడ్డు ఎవరేసిండ్రు?" అన్నాడు.

సరిహద్దు రోడ్ల సంస్థ వేసింది అని చెప్పాను.

"అది గాదు సార్. మా నాయిన లెక్క పనిచేసెటోళ్ళు. ఆళ్ళది ఏ ఊరు?"

నేను చెప్పలేకపోయాను. చెప్పలేకపోవడంలో సిగ్గుపడాల్సింది లేదు, ఎవరికీ అన్నీ తెలియవు. సిగ్గు మరోచోట ఉంది. శ్రీశ్రీ 'దేశచరిత్రలు' తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. తాజమహల్ కూలీల గురించి ఆ కవి వేసిన ప్రశ్నను బల్ల మీద గుద్ది మరీ చెప్పేవాణ్ణి. అదే నేను నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్ల రోడ్డు మీద మూడు రోజులు కూర్చుని వెళ్ళి, ఆ ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు.

ఆ రాత్రి ఎర్రకలం తీసుకుని నా వ్యాసాన్ని పిల్లల కాపీ దిద్దినట్టు దిద్దాను. తెలుగు పంతులు ముందు చూసేది వాక్యం, అందులో కర్త. నా పది పేజీల్లో 'రోడ్డు' కర్తగా ఉన్న వాక్యాలు ఇరవైకి పైగా తేలాయి. రోడ్డు మెలికలు తిరిగింది. రోడ్డు కొండెక్కింది. రోడ్డు లోయలోకి దూకింది. రోడ్డు మమ్మల్ని పిలిచింది. ఒకచోట రోడ్డు తపస్సు కూడా చేసింది! అచేతనానికి చేతన ధర్మం ఆరోపించడం అలంకారమే, కాదనను. కానీ పది పేజీల పొడుగునా అదే అలంకారం వచ్చిందంటే అది అలంకారంగా మిగలదు, ఒక దృక్పథం అవుతుంది.

ఇక్కడ తెలుగు వ్యాకరణంలో ఒక విశేషం గమనించాలి. మనం మామూలుగా 'రోడ్డు వేయబడింది' అనం, 'రోడ్డు వేశారు' అంటాం. ఎవరు వేశారో పేరు చెప్పకపోయినా, క్రియ చివర ఉన్న 'రు' లో మనుషులు ఉంటారు. మన పల్లెల్లో పుట్టిన ఏ సామాన్యుడి నోటి వాక్యంలోనైనా పనిచేసినవాళ్ళకు ఆ మాత్రం చోటు దక్కుతుంది. నేను ఎమ్మే చదివి, ఆ ఒక్క అక్షరం చోటు కూడా వాళ్ళకు లేకుండా చేశాను.

వాళ్ళు నాకు కనబడలేదా? కనబడ్డారు. మనాలి దాటాక 2020 అక్టోబరు 3న తెరిచిన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగంలోంచి లాహౌల్‌లోకి వెళ్ళాం. అక్కడి నుంచి బారాలాచా, నకీ లా, లాచుంగ్ లా, తంగ్లాంగ్ లా - కనుమ తరవాత కనుమ. దారి పొడుగునా ముఖాలకు గుడ్డలు చుట్టుకున్న మనుషులు ఉన్నారు. తారు డ్రమ్ముల కింద మంట, ఆ పొగ, రోడ్డు పక్కన రేకులతో, ప్లాస్టిక్ పట్టలతో వేసిన గుడిసెలు. తంగ్లాంగ్ లా ఎత్తు 5,300 మీటర్ల పైమాట. పది అడుగులు నడిస్తే నాకు ఆయాసం వచ్చింది. అక్కడ వాళ్ళు కంకర మోస్తున్నారు. నా వ్యాసంలో ఆయాసం ఉంది, నాది మాత్రమే. తంగ్లాంగ్ లా దిగుతుంటే ఒక మనిషి మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. 'ఆ రాతి ఎడారిలోనూ అతిథికి స్వాగతం' అని ఆ సంగతి మాత్రం రాశాను. పాఠకులకు బాగా నచ్చిన వాక్యాల్లో అదొకటి.

పిల్లవాడి ప్రశ్న తరవాత చదివి తెలుసుకున్నది కొంత చెబుతాను. సరిహద్దు రోడ్ల సంస్థ 1960 మే 7న ఏర్పడింది. లదాఖ్ పనులు చూసే 'హిమాంక్' విభాగం 1985లో మొదలైంది. పేరు ఆ విభాగాలది, చేతులు ఎక్కువ భాగం జార్ఖండ్‌లోని దుమ్కా ప్రాంతానివి. సంతాల్ పరగణాల నుంచి ఎండాకాలంలో వచ్చి, మంచు కనుమలను మూసేలోగా తిరిగిపోయే తాత్కాలిక కూలీలు. హిమాచల్ వైపు నేపాల్ నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ ఉనికి దేశానికి తెలిసింది 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు. లదాఖ్‌లో చిక్కుకుపోయిన 60 మంది కూలీలను మే నెలాఖరులో జార్ఖండ్ ప్రభుత్వం విమానంలో రాంచీకి తీసుకెళ్ళింది. పత్రికలు ఆ విమానాన్ని వార్త చేశాయి. అంతకుముందు ఏళ్ళ తరబడి వాళ్ళు రైళ్ళలో, లారీల్లో వెళ్ళి రావడం వార్త కాలేదు.

ఈ యాత్రారచనల్లో శ్రామికుడికి అసలు చోటే లేదంటే అన్యాయం. ఒక్కడికి ఉంది. సర్చు దాటాక గాటా లూప్స్ అని 21 మలుపుల ఎక్కుడు వస్తుంది. అక్కడ రాళ్ళు పేర్చిన చిన్న గుడి, చుట్టూ నీళ్ళ సీసాల గుట్ట. చలికాలం ముంచుకొచ్చే వేళ లారీ చెడిపోయిందట, డ్రైవరు సాయం కోసం నడిచి వెళ్ళాడట, కాపలాగా ఉండిపోయిన క్లీనరు దాహంతో, చలితో చనిపోయాడట. అప్పటి నుంచి అతని దయ్యం దారిన పోయేవాళ్ళను నీళ్ళడుగుతుందట. ప్రతి మోటారు సైకిలు యాత్రికుడూ అక్కడ సీసా పెడతాడు, ఆ కథ రాస్తాడు. నేనూ పెట్టాను, నేనూ ఒక పేజీ రాశాను. బతికి ఉండగా ఆ క్లీనరుకు నీళ్ళందలేదు. దయ్యమయ్యాక అతనికి సాహిత్యంలో చోటు దొరికింది. బతికున్న కూలీ దగ్గర బండి ఆపి ఒక్క సీసా ఇవ్వడం మాకెవరికీ తోచలేదు. దయ్యం భయపెడుతుంది గనక రచనకు పనికొచ్చింది. కూలీ ఉత్తినే ఉన్నాడు.

దీనికి తోడు జయించడం అన్న భాష ఒకటుంది. ఖార్దుంగ్ లా మీద చాలాకాలం 18,380 అడుగులని, ప్రపంచంలో మోటారు బండి వెళ్ళగల అత్యున్నతమైన రోడ్డు అని బోర్డు ఉండేది. కొలిస్తే ఆ కనుమ ఎత్తు సుమారు 17,582 అడుగులే. అయినా రచనల్లో బోర్డు అంకే నడిచింది, నా దాంట్లోనూ. ఎనిమిది వందల అడుగులు ఎక్కువ రాస్తే మా బామ్మర్దికి, నాకు వీరత్వం ఆ మేరకు పెరిగింది కదా! ఆ రోడ్డు మామూలు వాహనాలకు తెరిచింది 1988లో. లదాఖ్‌లోకి పర్యాటకులను రానిచ్చిందే 1974లో. 1962 యుద్ధం ముందు వెనుకల సైన్యం అవసరం కోసం తొలిచిన దారులివి. తుపాకి వెళ్ళడానికి వేసిన రోడ్డు మీద మనం 'స్వేచ్ఛ' వెతుక్కుంటూ వెళుతున్నాం. వెళ్ళొద్దని కాదు. అది ఎవరు, ఎందుకు వేసిన రోడ్డో తెలిసి వెళితే స్వేచ్ఛ అనే మాటను రాసేముందు కలం కాస్త ఆగుతుంది.

ఇక బౌద్ధారామాల సంగతి. నా వ్యాసంలో ఎక్కువ మెప్పు పొందిన భాగం, ఎక్కువ అబద్ధమున్న భాగం కూడా అదే. లేహ్‌కు దగ్గర్లోని థిక్సే గోంపా గురించి మూడు పేజీలు రాశాను. పన్నెండు అంతస్తులుగా కొండను కప్పుకుని ఉంటుంది. 1970లో దలైలామా వచ్చి వెళ్ళినదానికి గుర్తుగా కట్టిన మైత్రేయ బుద్ధుడి విగ్రహం ఎత్తు 49 అడుగులు. ఆ మూడు పేజీల్లో 'నిశ్శబ్దం' అన్న మాట లేని పేరా లేదు.

నిజానికి ఆ పొద్దున అక్కడ నిశ్శబ్దం ఎక్కడ? మిద్దె మీద ఇద్దరు శంఖాలు ఊదారు. లోపల డప్పు, తాళాలు, నలభై యాభై గొంతుల పారాయణం. ఎనిమిదేళ్ళు, పదేళ్ళు ఉన్న పిల్లభిక్షువులు తమ చేతికి మించిన కెటిళ్ళు మోస్తూ వరసల మధ్య పరుగెత్తి వెన్న, ఉప్పు వేసిన టీ పోశారు. వేయించి విసిరిన బార్లీ పిండిని పెద్దవాళ్ళు ఆ టీలో కలిపి ముద్ద చేసుకున్నారు. కింద వంటింట్లో రాగి గంగాళాలు కడిగే చప్పుడు. మరి నేను విన్న నిశ్శబ్దం ఏమిటి? ఆలోచిస్తే తేలింది: మూడు రోజులు శిరస్త్రాణంలో ఇంజను హోరు విని, బండి దిగాక చెవులకు కలిగిన తెరిపి అది. మా బండి నోరు మూసుకుంటే, ఆ పుణ్యం బౌద్ధానికి కట్టాను.

ఆ నిశ్శబ్దం అనే మాట కింద ఏమేం కప్పడిపోయాయో చూద్దాం. పిల్లవాడు భిక్షువు కావడానికి వైరాగ్యం ఒక్కటే కారణం అనుకోవడం భావవాదం. లదాఖ్‌లో నీరు, సాగునేల తక్కువ. భూమి ముక్కలు కాకుండా పెద్దకొడుక్కి చెందడం, అన్నదమ్ములందరికీ కలిపి ఒకే భార్య ఉండడం, చిన్నకొడుకుల్లో ఒకణ్ణి గోంపాకు ఇవ్వడం - ఈ మూడూ ఒకే ఏర్పాటులోని భాగాలు. బహుభర్తృత్వాన్ని 1941లో చట్టం నిషేధించింది. గోంపాకు పొలాలుండేవి, వాటిని కౌలురైతులు దున్నేవారు. జమ్మూ కాశ్మీరులో 1950లో పెద్ద భూకమతాల రద్దు చట్టం వచ్చి 182 కనాళ్ళకు మించిన భూమిని తీసుకున్నప్పుడు, లదాఖ్ నాయకుడైన కుశోక్ బకులా పట్టుబట్టడంతో గోంపా భూములకు మినహాయింపు దొరికింది. నేను మెచ్చుకున్న 'ఐహికాతీత' గోడల వెనక ఇంత ఐహికం ఉంది.

భిక్షుణుల మాట నా వ్యాసంలో లేనేలేదు. అమెరికా మానవశాస్త్రవేత్త కిమ్ గుట్షోవ్ జాన్‌స్కార్‌లోని కార్షా భిక్షుణుల మధ్య ఉండి 2004లో ఒక పుస్తకం ప్రచురించింది. భిక్షువుల మఠానికి భూమి, దానం, పూజల రాబడి ఉంటే, భిక్షుణి మాత్రం గుండు చేయించుకున్నాక కూడా అన్నల పొలాల్లో, ఇళ్ళలో చాకిరీ చేస్తేగాని తిండి దొరకని పరిస్థితిని ఆమె విప్పి చూపింది. నేను కోత అయిపోయిన పొలాల పక్కన బండి మీద వెళుతూ, కళ్ళంలో పనిచేస్తున్న ఎర్రబట్టల ఆడమనిషిని చూశాను. రంగులు బాగున్నాయని ఫొటో తీసుకున్నాను. ఆ భిక్షుణుల కోసం వైద్యురాలైన భిక్షుణి త్సెరింగ్ పాల్మో 1996లో సంఘం పెట్టింది. 2016లో ద్రుక్పా శాఖ భిక్షుణులు వందల మంది, ఆడపిల్లల అమ్మకానికి వ్యతిరేకంగా, కాఠ్‌మండూ నుంచి లేహ్ దాకా సుమారు 4,000 కిలోమీటర్లు సైకిళ్ళు తొక్కారు. మేము 'జయించిన' రోడ్లలాంటి రోడ్ల మీదే, పెట్రోలు లేకుండా.

ఇంతమాత్రాన బౌద్ధారామాలంటే పరాన్నభుక్కుల కొంపలని తేల్చేయమనడం లేదు. మన వైపు విమర్శకులు కొందరు ఆ పని చేస్తారు. అది కూడా గడప దాటకుండా ఇచ్చే తీర్పే. లిపిని, వైద్యాన్ని, చిత్రకళను, తర్కాన్ని ఆ చలిలో వెయ్యేళ్ళు నిలబెట్టింది వాళ్ళే. స్పితిలో 996లో కట్టిన తాబో మట్టిగోడల మీద బొమ్మలు ఇవాళ్టికీ ఉన్నాయి. రెంటినీ ఒకే చూపులో పట్టుకోవడం కష్టం. పట్టుకున్నవాడొకడున్నాడు.

రాహుల్ సాంకృత్యాయన్ 'ఓల్గా నుంచి గంగకు' చదవని అభ్యుదయ రచయిత మనలో ఉండడు. ఆయన యాత్రారచనలను మాత్రం మనం అంతగా పట్టించుకోలేదు. 1926లోనే లదాఖ్ వెళ్ళాడు. 1929-30లో మారువేషంలో టిబెట్ చేరాడు, తరవాత శ్రీలంకలో భిక్షువయ్యాడు, ఇంకా తరవాత చీవరం వదిలి బీహారు రైతుల పోరాటంలో జైలుకు వెళ్ళాడు. ఆ మొదటి టిబెట్ యాత్ర రచనలోంచి తీసిన ఒక భాగం కేంద్ర పాఠ్యక్రమంలో తొమ్మిదో తరగతి హిందీ పాఠంగా చాలా ఏళ్ళు ఉంది. మందకొడి గుర్రం దొరికి వెనకబడ్డాడు, దారి తప్పాడు, తోటి ప్రయాణికుడి చేత తిట్లు తిన్నాడు. అక్కడి భూమి జాగీర్దార్ల చేతుల్లో, అందులో పెద్దభాగం మఠాల చేతుల్లో ఉందని, జాగీరులో వెట్టికి మనుషులు దొరుకుతారని, వ్యవసాయం చూసుకోవడానికి వచ్చిన భిక్షువు ఆ మనుషులకు రాజుతో సమానమని చెప్తాడు. ఆ వెంటనే, అలాంటి ఒక భిక్షువు తనను ఎంత ఆదరంగా చూశాడో, అక్కడి గుడిలో చేతిరాత కంజూరు గ్రంథాలు 103 సంపుటాలు దొరికితే వాటిలో ఎలా మునిగిపోయాడో చెప్తాడు. వెట్టిని చూసినవాడికి గ్రంథం కనబడకుండా పోలేదు, గ్రంథం దొరికినవాడు వెట్టిని మరిచిపోలేదు. ఇదంతా ఒకటి రెండు పేజీల్లోనే! నా పది పేజీలు ఆ రెండు పేజీల పక్కన పెడితే నా కవిత్వం బరువెంతో తెలిసింది.

వాహనం చెడిపోవడం యాత్రారచనకు మేలు చేస్తుందేమో. చే గువేరా 1952లో మిత్రుడు గ్రనాడోతో నార్టన్ మోటారు సైకిలు మీద బయల్దేరాడు. చిలీలో బండి చచ్చిపోయింది. చుకికమాతా రాగిగని దారిలో, చలిరాత్రి కప్పుకోవడానికి దుప్పటి కూడా లేని కమ్యూనిస్టు గనికార్మికుడు, అతని భార్య ఎదురైంది ఆ తరవాతే. బండి నడిచినంతకాలం ఆ దినచర్య కుర్రకారు సరదా, ఆగాక మరో పుస్తకం. 1974లో వచ్చిన రాబర్ట్ పిర్సిగ్ పుస్తకం జెన్ పేరు పెట్టుకుని మోటారు సైకిలు మరమ్మతు గురించి ఆలోచిస్తుంది. చేతిపనిలో ధ్యానం ఉందన్న అతని మాట విలువైనదే, కానీ ఆ చేతులు అతని సొంత చేతులు మాత్రమే.

మనకు వెనక్కి వెళితే ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడు. 1830లో బయల్దేరి మా జిల్లా మీదుగానే హైదరాబాదు చేరినవాడు, పల్లకిలో. కంపెనీ కొలువు, కులం, ధనం అన్నీ ఉన్నవాడు. అభ్యుదయం అనే మాటకు ఇవాళ్టి అర్థం అప్పటికి లేదు. అయినా బోయీల ఊసు, సత్రాలు, ధరవరలు, దారి బాగోగులు రాశాడు. తనను మోస్తున్నవాళ్ళ కాళ్ళకింద దారి ఎలా ఉందో చూడకుండా పల్లకి కదలదు గనక రాశాడేమో. మోటారు సైకిలుకు ఆ ఇబ్బంది లేదు. మోసేవాళ్ళు ముందే మోసి, పక్కకు తప్పుకుని ఉంటారు.

ఈ వ్యాసం చిత్తుప్రతి చదివిన మిత్రుడు ఒక అభ్యంతరం చెప్పాడు. 'కొండ చూసి ఆనందపడే హక్కు కూడా లేదా? యాత్రావ్యాసమంటే కార్మికశాఖ నివేదికా?' అని. న్యాయమైన మాట. బారాలాచా దగ్గర తెల్లవారుజామున నేను పడ్డ సంతోషం అబద్ధం కాదు, దాన్ని కొట్టేయను. కూలీలను ఒక పేరాలో నిలబెట్టి, జాలిపడి, మళ్ళీ సూర్యోదయంలోకి వెళ్ళిపోయే రచనలు కూడా చదివాను. అవి నా వ్యాసం కన్నా అధ్వానం. కావలసింది అదనపు పేరా కాదు, వాక్యాల్లో కర్తలు. 'ఆ మలుపులో చలికాలం కూలిన కొండచరియను దుమ్కా మనుషులు తవ్వి తీశారు, మేము దాటాము' అంటే ఆనందం తగ్గుతుందా? నాకైతే తగ్గేటట్టు లేదు.

పోయిన సంక్రాంతికి ఆ పిల్లవాడి తండ్రి ఊరికొచ్చాడు. పూనా దగ్గర రోడ్డు పని. కొడుకు పట్టుకొచ్చి కూర్చోబెడితే, నా వ్యాసం కొంత చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. పని తెలిసినవాడి ప్రశ్నలు అడిగాడు. నీళ్ళు పారే చోట తారు వేశారా సిమెంటు వేశారా అన్నాడు. కనుమల మీద కొన్నిచోట్ల సిమెంటు ఇటుకలు పరిచి ఉన్నాయని గుర్తు తెచ్చుకుని చెప్పాను. "మంచుకు తారు నిలవది సారూ, గట్లనే ఎయ్యాలె" అన్నాడు. తంగ్లాంగ్ లా దగ్గర మనిషి చెయ్యి ఊపి స్వాగతం చెప్పిన వాక్యం వచ్చేసరికి నవ్వాడు.

"గది రమ్మనుడు గాదు సారూ. తారు ఏడి మీదుంటది, చిప్స్ పట్టవు. బండ్లు రావొద్దని చెయ్యూపుతం. మీరు ఆగిండ్రా?"

ఆగలేదు. ఆ సాయంత్రం రుంసేలో మా బామ్మర్ది టైర్లకు అంటుకున్న తారు కంకర పుల్లతో గీకుతూ, "ఏం రోడ్డు బావా ఇది" అని అరగంటసేపు తిట్టుకున్నాడు. ఆ సంగతి నా వ్యాసంలో లేదు.